అన్యాయాన్ని దాటి బతికినవారి పుస్తకాలు: ఏది ముందు చదవాలి?

అలెక్స్ హేలీ ‘రూట్స్’కు తెలుగు రూపమైన ‘ఏడుతరాలు’ మూడు రాత్రుల్లో చదివారు. ఆఫ్రికా నుంచి అమెరికాకు బానిసగా తెచ్చిన కుంటా కింటే వారం గడిచినా మిమ్మల్ని వదలడం లేదు. అన్యాయానికి గురై కూడా బతికి నిలిచిన మనుషుల గురించి, అలాగే గుర్తుండిపోయే పుస్తకాలు చెప్పమన్నారు. ఊరికే ఏడిపించేవి వద్దన్నారు. మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను.

ఇరవై ఏడేళ్లు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేశాను. పదవీ విరమణ తరువాత నెలకొకసారి పదిమంది పాఠకులం మా ఇంటి వసారాలో కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటున్నాం. మీరడిగిన తరహా పుస్తకాలను నేను ఎంతోమందికి ఇచ్చాను. వాటిలో కొన్ని మూడో రోజే వెనక్కి వచ్చాయి. కొన్ని గడువు దాటినా రాలేదు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఒక్కటే చదువుతానంటే కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ చదవండి. మూడు చదువుతానంటే దానికి జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’, ఇటలీ రచయిత ప్రిమో లెవీ ‘ఇఫ్ దిస్ ఈజ్ ఎ మాన్’ కలపండి. ఇంకా ఓపిక ఉంటే కింద మరికొన్ని ఉన్నాయి.

ఇవే ఎందుకంటే, ఇలాంటి పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నేను ఒక్కటే చూస్తాను. దెబ్బ పడిన రోజును వర్ణించే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ మరునాడు పొద్దున పొయ్యి ఎలా వెలిగిందో చెప్పేవి చాలా తక్కువ. ఎవరు గుక్కెడు గంజి పోశారు? పిల్లను ఎవరి ఇంట్లో దాచారు? పని ఎక్కడ దొరికింది? చెప్పులు లేకుండా ఎంత దూరం నడిచారు? ఈ వివరాలున్న పుస్తకమే మనసులో ఇల్లు కట్టుకుంటుంది. ‘ఏడుతరాలు’లో మిమ్మల్ని పట్టుకున్నది కొరడా దెబ్బలొక్కటే కాదని నా నమ్మకం. పాదం నరికేశాక కుంటా మళ్లీ నడవడం, తరువాత అతని భార్య అయిన బెల్ వైద్యం చేయడం, కూతురికి తన ఊరి మాటలు నేర్పడం కూడా మీకు గుర్తుండి ఉంటాయి. అదంతా మరునాటి కథ.

‘నిర్జన వారధి’ నిండా మరునాళ్లే. కోటేశ్వరమ్మ గారు 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లయి, బాల్యంలోనే వితంతువయ్యారు. తరువాత కొండపల్లి సీతారామయ్య గారిని పెళ్లాడి, కమ్యూనిస్టు ఉద్యమంలో పాటలు పాడుతూ తిరిగారు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో అజ్ఞాతంలోకి వెళ్లారు. ఆ తరువాత భర్త ఆమెను విడిచిపెట్టారు. ఆ భర్తే తరువాతి కాలంలో పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించారు. కొడుకునూ కూతురినీ కూడా ఆమె పోగొట్టుకున్నారు. ఇంతవరకూ చెబితే ఇది కన్నీటి కథ అనుకుంటారు. కానీ పుస్తకం బరువు దీనిలో లేదు. ముప్ఫై ఏళ్లు దాటిన వయసులో ఆమె హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభలో చేరి, తనకంటే ఎంతో చిన్నవాళ్ల పక్కన కూర్చుని మెట్రిక్ చదివారు. కాకినాడలో మహిళా పాలిటెక్నిక్ హాస్టలులో మేట్రన్‌గా పనిచేసి తన అన్నం తాను సంపాదించుకున్నారు. తొంభై దాటాక, 2012లో ఈ పుస్తకం వెలువడింది. 2018లో నూరేళ్లు నిండాక విశాఖపట్నంలో కన్నుమూశారు.

ఆమె ఎవరినీ తిట్టదు. తనను వదిలేసిన మనిషి గురించి రాసేటప్పుడు కూడా మాట తూలదు. ఆ నిగ్రహం మొదట్లో నాకు కోపం తెప్పించింది. ‘ఇంత జరిగితే ఇంత నెమ్మదిగా ఎలా చెబుతారు?’ అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు అర్థమైంది. ఆమె మనల్ని తీర్పరులుగా పిలవలేదు, పక్కన కూర్చోమని పిలిచారు. మా బృందంలో నలభై ఏళ్లు దాటిన ఒక గృహిణి ఈ పుస్తకాన్ని మూడు వారాలు ఉంచుకున్నారు. తిరిగి ఇచ్చేటప్పుడు, మెట్రిక్ చదువు గురించిన పేజీలను తన నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నానని చెప్పారు. తరువాతి ఏడాది ఆమె దూరవిద్యలో డిగ్రీకి ఫీజు కట్టారు. పుస్తకం వల్లే కట్టారని నేను అనను. ఆ పేజీలు మాత్రం ఆమె దగ్గర ఉన్నాయి.

ఇది నచ్చితే వెంటనే స్త్రీ శక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెరవండి. 1986లో వచ్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన జీవితాలు ఇందులో ఉన్నాయి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి పేరున్నవారితో పాటు, చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా దక్కనివారు మాట్లాడతారు. వారి మాట వారి యాసలోనే ఉంటుంది, కాబట్టి మొదటి పదిపేజీలు నెమ్మదిగా సాగుతాయి. పెదవులు కదుపుతూ చదవండి, చెవికి పట్టుబడుతుంది. అడవిలో దళంతో తిరుగుతూ బిడ్డను ఎవరికో ఇచ్చేయాల్సి వచ్చిన తల్లి మాటలు ఇందులో ఉన్నాయి. ఆ భాగం చదివిన రాత్రి ఇంకో పుస్తకం ముట్టకండి.

ఇక ‘అంటరాని వసంతం’. 2000లో వచ్చిన నవల. రూతు అనే వృద్ధురాలు తన భర్త రూబేను పూర్వీకులను తలుచుకోవడంతో కథ కదులుతుంది. ఎల్లన్న, సుభద్ర, శివయ్య, శశిరేఖ – తరం వెనుక తరం. మీరు ‘ఏడుతరాలు’ ప్రేమించారు కనుక దీన్ని ముందుగా చెప్పాలనుకున్నాను. అక్కడ ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చిన మనుషుల వంశకథ ఉంది. ఇక్కడ ఎక్కడి నుంచీ తేకుండానే, పుట్టిన ఊరిలోనే పరాయిలైన మనుషుల వంశకథ ఉంది. 1876–78 నాటి మహా కరువులో జనం బకింగ్‌హాం కాలువ తవ్వకానికి కూలికి వెళ్లారు. నవలలో శివయ్య, శశిరేఖ ఆకలితో అక్కడికి చేరతారు. కరువు అందరినీ సమానం చేస్తుందని మనం అనుకుంటాం. ఆ కాలువ గట్టు మీద కూడా కులం ముందే వచ్చి కూర్చుంది. ఇది చదివాక మన కోస్తా జిల్లాల్లో ఆ కాలువ పక్కన ప్రయాణించిన ప్రతిసారీ నాకు ఆ దంపతులే కనిపిస్తారు.

ఈ నవలను చాలామంది ‘అణచివేత నవల’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు అది నచ్చదు. ఇందులో సగం ఆట, పాట. ఉరుము నృత్యం, వీధి భాగవతం, వాటిని కట్టిన అనామక కవులు. ఏ చరిత్రా పేరు రాయని మనుషులు తమ పాటలో తమ పేరు దాచుకున్నారు. బతకడమంటే తిండి దొరకడమే కాదని ఈ నవల చెప్పినంత గట్టిగా తెలుగులో మరే నవలా చెప్పలేదని నా అభిప్రాయం. కాలం ముందుకూ వెనక్కూ ఊగుతుంటుంది. పేర్లు కలగాపులగం అవుతాయి. చదవడం మొదలుపెట్టగానే ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకోండి. మా బృందంలో అలా గీసుకున్నవారందరూ పూర్తిచేశారు, గీసుకోనివారిలో ఇద్దరు మధ్యలో వదిలేశారు.

దీని వెనుక నిలబడిన పెద్ద పుస్తకం ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’. జైలులో రాసిన నవల, 1922లో వెలువడింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. రామదాసు కుటుంబాన్ని మరచిపోలేం. అయితే ఇందులో ఉపన్యాసాలు ఎక్కువ, పాతకాలపు నడక. దీంతో మొదలుపెట్టవద్దు. జాషువా ‘గబ్బిలం’ మాత్రం ఎప్పుడైనా చదవవచ్చు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి కబురు పంపుతాడు. ఆ ఊహ ఒక్కటి చాలు, జీవితాంతం ఉంటుంది. పద్యం కదా అని జంకకండి. తెలిసిన వారితో ఒకసారి గట్టిగా చదివించుకుంటే సగం అర్థమవుతుంది.

మూడోది ప్రిమో లెవీ. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చాలామంది భయపడి దగ్గరికి రారు. లెవీ ట్యూరిన్ నగరానికి చెందిన రసాయన శాస్త్రవేత్త, యూదుడు. 1944 ఫిబ్రవరిలో 650 మందితో నిండిన రైలులో ఆయనను నాజీల మరణశిబిరమైన ఆష్‌విట్జ్‌కు తరలించారు. వారిలో 96 మంది పురుషులు, 29 మంది స్త్రీలు మాత్రమే శిబిరాల్లోకి వెళ్లారు. మిగిలినవారిలో ఒక్కరు కూడా రెండు రోజుల తరువాత ప్రాణాలతో లేరు. లెవీ చేతి మీద 174517 అని పచ్చబొట్టు పొడిచారు. 1945 జనవరిలో రష్యా సైన్యం వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నారు.

తిరిగి వచ్చి రాసిన పుస్తకాన్ని పేరున్న ఒక ప్రచురణ సంస్థ తిరస్కరించింది. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. 1958లో మళ్లీ అచ్చయ్యాక గానీ లోకం దాన్ని గుర్తించలేదు. యుద్ధం ముగిసిన మొదటి రోజుల్లో ఆ మాట వినడానికి ఎవరూ సిద్ధంగా లేరు. బతికి వచ్చినవారికి ఇది రెండో అన్యాయం: చెబితే వినేవాడు లేకపోవడం.

లెవీ గొంతులో ఏడుపు లేదు. ప్రయోగశాలలో చూసింది చూసినట్టు రాసుకునే మనిషి గొంతు అది. రొట్టె ముక్క ధర ఎంత, చెంచా ఎలా సంపాదించాలి, సూపు కుండలో పైనున్న నీళ్లు ఎవరికి, అడుగున ఉన్న దుంపముక్కలు ఎవరికి పడతాయి – ఇవి రాస్తారు. ఆ శిబిరంలో ష్టైన్‌లాఫ్ అనే పాత సైనికుడు సబ్బు లేకుండా, మురికి నీళ్లతో, తన కోటుతోనే తుడుచుకుంటూ రోజూ ఒళ్లు కడుక్కుంటాడు. ఎందుకు ఈ వృథా ప్రయాస అని లెవీ అనుకుంటే, అది శుభ్రత కోసం కాదని, మనల్ని పశువుల్ని చేయాలనుకున్నవారికి మన అంగీకారం ఇవ్వకుండా ఉండడం కోసమని అతడు వివరిస్తాడు. ఈ పేజీ చదివిన మరునాడు నేను మా పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

లొరెంజో అనే తాపీ పనివాడు ఉంటాడు. ఖైదీ కాదు, కూలికి వచ్చిన ఇటలీ మనిషి. ఆరు నెలల పాటు రోజూ తన రొట్టెలో కొంత, మిగిలిన సూపు లెవీకి తెచ్చి పెడతాడు. ప్రతిఫలం అడగడు. తాను బతికి ఉండడానికి ఆ తిండికంటే, ఆ మంచితనం ఇంకా లోకంలో ఉందన్న గుర్తే ఎక్కువ కారణమని లెవీ రాసుకున్నారు. నేను ‘మరునాడు’ అన్నది దీన్నే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త: ఈ పుస్తకమే అమెరికాలో ‘సర్వైవల్ ఇన్ ఆష్‌విట్జ్’ పేరుతో దొరుకుతుంది. రెండూ ఒకటే, రెండుసార్లు డబ్బు పెట్టవద్దు. ఇంగ్లీషు తేలికగానే ఉంటుంది. డిగ్రీ స్థాయి చదువున్నవారు నిఘంటువు పక్కన పెట్టుకుంటే చాలు.

ఇక్కడే, నాజీ శిబిరాల నుంచి బతికి వచ్చిన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ రాసిన ‘మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్’ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ తరహా పుస్తకం అడిగిన ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు అదే చెబుతారు. మంచి పుస్తకమే. కానీ దాన్ని వ్యక్తిత్వ వికాస పుస్తకంలా చదివి, ‘మనోబలం ఉన్నవాళ్లు బతికారు, లేనివాళ్లు పోయారు’ అని తేల్చుకున్నవారిని చాలామందిని చూశాను. అది చనిపోయినవారిపై నింద వేయడం. తమలో ఉత్తములు తిరిగి రాలేదని ఫ్రాంకెల్ స్వయంగా రాశారు. ఎన్నో విషయాల్లో ఆయనతో పొసగని లెవీ కూడా తన చివరి పుస్తకంలో దాదాపు అదే మాట అన్నారు. ఈ మాట మనసులో పెట్టుకుని ఫ్రాంకెల్‌ను చదవండి. బతకడం మంచితనానికి దక్కిన బహుమానం కాదు. చాలాసార్లు ఒక రొట్టె ముక్క, ఒక తాపీ పనివాడు, ఒక రైలు ఉద్యోగం.

రైలు అన్నాను కాబట్టి వై.బి. సత్యనారాయణ గారి ‘మా నాయన బాలయ్య’. ఇంగ్లీషులో 2011లో వచ్చింది, తెలుగులోనూ దొరుకుతుంది. కరీంనగర్ ప్రాంతపు మాదిగ కుటుంబం కథ. నిజాం ఇచ్చిన యాభై ఎకరాల్లో దొర వారికి రెండెకరాలు మాత్రమే మిగిల్చాడు. తరువాతి తరం ఊరు వదిలి రైల్వేలో చిన్న పనికి చేరింది. వెట్టి లేని జీతం, క్వార్టరు, పిల్లలకు బడి – ఒక్కో మెట్టూ ఎలా ఎక్కారో లెక్క కట్టినట్టు ఉంటుంది. మా గ్రంథాలయానికి రోజూ పేపరు చదవడానికి వచ్చే రైల్వే విశ్రాంత ఉద్యోగి ఒకాయనకు ఇది ఇచ్చాను. పుస్తకాలు ముట్టని మనిషి. నాలుగు రోజుల్లో చదివేసి, తన తాత కూడా గ్యాంగ్‌మన్‌గానే చేరాడని, ఊరు ఎందుకు వదిలాడో ఇంట్లో ఎవరూ ఎన్నడూ చెప్పలేదని అన్నారు. ఆ తరువాత వారం ఆయన తన మేనత్త దగ్గరికి వెళ్లి అడిగి వచ్చారు.

అమెరికా బానిసత్వం గురించి ‘ఏడుతరాలు’ తరువాత ఏమిటి అంటే, నా జవాబు హారియట్ జేకబ్స్. 1861లో మారుపేరుతో వచ్చిన ఆత్మకథ, ‘ఇన్సిడెంట్స్ ఇన్ ద లైఫ్ ఆఫ్ ఎ స్లేవ్ గర్ల్’. యజమాని వేధింపు నుంచి తప్పించుకుని, తన అమ్మమ్మ ఇంటి అటకలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. ఆ అటక తొమ్మిది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ఎత్తైన చోట మూడడుగులు. నిలబడడానికి లేదు. చెక్కకు చిన్న చిల్లులు పొడిచి కింద ఆడుకునే తన పిల్లలను చూసేది, తాను అక్కడ ఉన్నట్టు వారికి తెలియదు. దూరాన ఉన్న న్యూయార్క్ నుంచి రాసినట్టుగా యజమానికి ఉత్తరాలు రాసి పంపేది. ఇదంతా కల్పన అని, ఎవరో తెల్లజాతి రచయిత్రి రాసిందని నూరేళ్లకు పైగా నమ్మారు. 1980లలో జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు పాత ఉత్తరాలు వెతికి అది జేకబ్స్ సొంత రచనేనని నిరూపించారు.

నిజం ఎంత, కల్పన ఎంత అన్నది తెలుసుకుని చదవండి. మీకు ఇష్టమైన ‘ఏడుతరాలు’ గురించి కూడా ఇది చెప్పక తప్పదు. సహవాసి గారి తెలుగు అద్భుతం, కానీ అది సంక్షిప్త అనువాదం. మూలాన్ని రాసిన అలెక్స్ హేలీ, మరొక రచయిత నవల నుంచి కొన్ని భాగాలు తన పుస్తకంలోకి వచ్చాయని ఒప్పుకుని 1978లో పరిహారం చెల్లించారు. ఆయన చెప్పిన వంశవృక్షాన్ని కూడా పరిశోధకులు ప్రశ్నించారు. అందువల్ల ఆ పుస్తకం విలువ పోదు, నవలగా చదవాలి, అంతే. ఫ్రెంచి ఖైదీ ఆన్రీ షారియేర్ రాసిన ‘పాపియాన్’ కూడా అటువంటిదే. ఎం.వి. రమణారెడ్డి గారు ‘రెక్కలు చాచిన పంజరం’గా తెలుగు చేశారు. చేయని హత్యకు శిక్ష పడిందని చెప్పుకున్న మనిషి జైళ్ల నుంచి పారిపోయే కథ, ఊపిరి తీసుకోనివ్వదు. తనవిగా చెప్పిన సంఘటనల్లో చాలా భాగం తోటి ఖైదీలవని తరువాత తేలింది. కుర్రవాళ్లకు ఇస్తే చదివే అలవాటు అంటుకుంటుంది. నేను అందుకే ఇస్తాను.

మన గడ్డకు నేరుగా తగిలే ఒక పుస్తకం తమిళంలో ఉంది. ఎం. చంద్రకుమార్ అనే కోయంబత్తూరు ఆటోడ్రైవరు రాసిన ‘లాకప్’. 1980లలో పని కోసం గుంటూరు వచ్చిన తమిళ యువకులు, చేయని దొంగతనం ఒప్పుకోమని పోలీసుల చేతిలో పడ్డ హింస. 2015లో వచ్చిన ‘విసారణై’ చిత్రానికి ఆధారం ఇదే. ఇంగ్లీషు అనువాదం ఉంది. భాష రాని ఊళ్లో దెబ్బలు తినడం ఎలా ఉంటుందో, ఆ భాష మనదైతే చదవడం ఎలా ఉంటుందో ఈ పుస్తకంతోనే తెలిసింది.

చివరిగా ఒక నవల, పూర్తిగా వేరే రుచి. డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. పందులు కాచుకునే ముసలివాడు, తప్పిపోయిన సూడిపందిని వెతుక్కుంటూ అడవిలో గడిపిన ఒక్క రాత్రి. ఇందులో దొర లేడు, జైలు లేదు. ఆ మనిషికి లోకం ఇచ్చిన స్థానం ఏమిటో మాత్రం ప్రతి వాక్యం కింద ఉంటుంది. కేశవరెడ్డి గారు డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేశారు. సమాజం బయటికి నెట్టిన మనుషులను దగ్గరగా చూసిన కళ్లు అవి. చిన్న పుస్తకం, ఒక్క ఆదివారం చాలు.

ఒక్క విషయంలో నా తప్పు చెప్పి ముగిస్తాను. చాలా ఏళ్ల క్రితం ఒక ఇంటర్ అమ్మాయి ‘బాగా కదిలించే పుస్తకం’ అడిగితే, ఎలీ వీజెల్ ‘నైట్’ ఇచ్చాను. నాజీ శిబిరంలో తండ్రిని పోగొట్టుకున్న కుర్రవాడి కథ అది. ఆ అమ్మాయి తండ్రి రెండు నెలల క్రితమే పోయారని నాకు తెలియదు, అడగలేదు. ఆ పుస్తకాన్ని వాళ్లమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఎవరికి ఏ పుస్తకం ఇచ్చినా ముందు ‘ఇంట్లో అందరూ బాగున్నారా?’ అని అడుగుతున్నాను. మిమ్మల్నీ అడుగుతున్నాను. ఈ మధ్య మీ ఇంట్లో ఏదైనా కష్టం జరిగి ఉంటే లెవీని, ‘మనకు తెలియని మన చరిత్ర’ను కొన్నాళ్లు పక్కన పెట్టి, కేశవరెడ్డితో మొదలుపెట్టండి. అలాంటిదేమీ లేకపోతే ‘నిర్జన వారధి’ తీసుకోండి. ఒక్కో పుస్తకానికీ మధ్య కనీసం వారం విరామం ఇవ్వండి. మొదటిది ముగిశాక ఏ పేజీ దగ్గర ఆగిపోయారో రాయండి, తరువాత ఏది చదవాలో దాన్ని బట్టి చెబుతాను.